మూడు యంత్రాలు, ఒక అంకె

దీపస్తంభం దిబ్బ, వినికిడి చిట్టా. రాస్తున్నది ఓలేటి నూకరత్నం. ఇందులో నేను విన్నది ఉంటుంది, వినలేకపోయింది కూడా ఉంటుంది.

ఒకటి

పొద్దున్నే సోలార్ పలకల మీద ఉప్పు తుడిచాను. వేలితో గీస్తే పేరు రాయొచ్చు, అంత పేరుకుంది. తుడవకపోతే బ్యాటరీ నిండదు. బ్యాటరీ నిండకపోతే వైర్‌లెస్ పలకదు. వైర్‌లెస్ పలకకపోతే సముద్రం మీద ఉన్నవాళ్ళకి మేం లేనట్టే. అందుకే ఈ దిబ్బ మీద నా ఉద్యోగం రోజూ ఒక పొడిగుడ్డతో మొదలవుతుంది.

తర్వాత గోదారితల్లి పడవ నుంచి మణి మాట్లాడింది. మణి నా కూతురు. పోయిన వేసవి నుంచి ఆ పడవలో వైర్‌లెస్ దగ్గర కూర్చుంటోంది. మహానది అవతలి గుట్టల్లో ఉప్పు దించేసి, బియ్యం ఎక్కించుకుని వెనక్కి వస్తున్నారు. సరంగు సూరన్న చేతిలో పడవ ఉందంటే నాకు సగం దిగులు ఉండదు. మిగతా సగం ఎలాగూ ఉంటుంది, కన్నతల్లిని కదా.

కొన్నాళ్ళుగా మా నంబరు మీద ఒక గురక మొదలైంది. ఎవరింట్లో ఏ ఛార్జరు పాడైందో తెలియదు కానీ మాటకీ మాటకీ మధ్య అదే మోత.

"అమ్మా, నా మాట సగం నీకూ సగం సేపలకీ పోతంది," అంది మణి. "సూరన్న మావ నంబరు మారిపోదాం అంటన్నాడు."

పడవలో ఉన్న సెట్టు మీట అరిగిపోయినది. తిప్పితే దానికి ఇష్టమైన చోటే ఆగుతుంది. అందుకని నంబరు వాళ్ళు చెప్పాలి, మేం పాటించాలి. అంకెలు విడివిడిగా పలకడం మా పద్ధతి. మూడో అంకె తర్వాత చుక్క ఉంటుందని అందరికీ తెలుసు కనుక చుక్కని ఎవరూ పలకరు. మణి చెప్పింది, నేను రాసుకుని తిరిగి చదివాను.

"ఒకటి, నాలుగు, ఆరు, ఒకటి, రెండు."

గురకలోంచి మణి గొంతు వచ్చింది. "ఆయ్, అదే."

మధ్యాహ్నం ఆ నంబరు మీద పిలిచాను. జవాబు లేదు. మీట మారడానికి మొరాయిస్తోందేమో అనుకున్నాను.

సాయంత్రం వలలవాళ్ళు వచ్చి ఒక కబురు చెప్పారు. పడమటి మొగ పూడిపోయిందట. సముద్రంలోంచి గోదావరిలోకి పడవలు వచ్చే దారి అది. ఇసుక జరిగి, మోకాలి లోతు కూడా లేకుండా అయిందట. ఇక ఉన్నది ఉత్తరపు మొగ ఒక్కటే. గోదారితల్లికి ఆ సంగతి తెలియదు. చెప్పకపోతే ఎప్పటిలాగే బియ్యం బరువుతో నేరుగా పడమటికే వస్తారు, ఆ ఇసుక మీద పడవ రెండు చెక్కలవుతుంది.

చెప్పాలి. నా దగ్గర నంబరు ఉంది, రేపు పొద్దున చెబుతాను.

రెండు

పలకలు తుడిచాను. పిలిచాను. జవాబు లేదు.

లోపం నా యంత్రంలోనే ఉందేమోనని కిటికీని విప్పి కూర్చున్నాను. మునక ముందటి కంప్యూటర్లకి మా దిబ్బల మీద మూడే పేర్లు. తెర మీద కిటికీ బొమ్మ వస్తే కిటికీ. బొద్దుగా ఉండే పక్షి వస్తే బాతు. అది బాతు కాదని ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ చెవిన పెట్టరు. కొరికిన పండు బొమ్మ ఉంటే పండు. మునిగిన ఊళ్ళ మేడల మీద నుంచి దింపుకొచ్చి, ఊకలో ఆరబెట్టి, బతికినవాటిని మేం కొండవాళ్ళం బాగుచేస్తాం. నేను కొండపిల్లనే. పెళ్ళయి ఈ నీళ్ళ మధ్యకి వచ్చాను.

పనిచేసే వైర్‌లెస్ సెట్లు అన్ని దిబ్బలకీ లేవు. మాట్లాడే సెట్టు దీపస్తంభంలో ఒక్కటే. మిగతా చోట్ల వినడమే. దానికి బొటనవేలంత బుడిపె ఒకటి చాలు. వెనకటి రోజుల్లో జనం కంప్యూటర్లో టీవీ చూడడానికి కొనుక్కునేవారట. బుడిపె గాలిలో ఉన్నదంతా పట్టుకొచ్చి కంప్యూటర్లో పోస్తుంది. ఆ రొదలోంచి మనిషి మాటని ఏరడం ప్రోగ్రాం పని. ఆ ప్రోగ్రాం నా మెడలో వేలాడే పెన్‌డ్రైవ్‌లో ఉంది. స్నానానికి వెళ్ళినా తీయను.

కిటికీతో చిక్కేమిటంటే, బుడిపె గుచ్చగానే అడగకుండా తన టీవీ డ్రైవరు తగిలించేస్తుంది. దాన్ని పీకి మన డ్రైవరు పెట్టాలి. అందుకు ఒక చిన్న పనిముట్టుంది. అందులో పేర్ల వరుస వస్తుంది, బుడిపె పేరు మీద మాత్రమే నొక్కాలి. ఒకసారి సంతలో బట్టలమ్మే ఆయన ఇంట్లో తొందరపడి పక్క పేరు నొక్కాను. మౌసు చచ్చిపోయింది. ఆయన ఆరున్నొక్క రాగం ఎత్తుకున్నాడు. చుట్టుపక్కల వాళ్ళంతా ఎవరో పోయారనుకుని వచ్చారు.

ఇవాళ తొందరపడలేదు. పాతదంతా తీసేసి మళ్ళీ మొదటి నుంచి ఎక్కించాను. బుడిపె వేడెక్కితే నంబరు కాస్త పక్కకి జరుగుతుంది, మన సెట్టునే పలికించి ఆ తేడా సరిచూసుకున్నాను. పాత యంత్రం కదా, వెడల్పు ఎక్కువ పెడితే ఆయాసపడి ఆగిపోతుంది. అందుకని నంబరుకి అటూ ఇటూ కొద్దిగా మాత్రమే కనిపించేలా పెట్టాను. తెర మీద నీలం రంగు వానలా జారుతూ ఉంటుంది. ఎవరైనా మాట్లాడితే ఆ నీలంలో పసుపుపచ్చ గీత పడుతుంది.

పొద్దుగూకే దాకా నీలమే జారింది.

తుఫాను కబురు ముందే చెప్పే గాజుగొట్టంలో పాదరసం దిగుతోంది. గాలి తూర్పుకి తిరిగింది. నాకు భయం మొదలైందని ఇక్కడ రాసుకుంటే తప్పేం లేదు.

మూడు

అప్పాయమ్మ వదిన దిబ్బకి తెప్ప మీద వెళ్ళాను. ఆమె దిబ్బ నాకంటే సముద్రానికి దగ్గర, నాకు వినబడనిది ఆమెకి వినబడొచ్చు. ఆమె సరంగు సూరన్న పెళ్ళాం. నా కూతురు ఎక్కిన పడవలోనే ఆమె మొగుడూ ఉన్నాడు. పడమటి మొగ సంగతి నేను చెప్పేసరికే ఆమెకి తెలుసు.

"నీ కోసమే సూత్తన్నాను రత్నమ్మా," అంది. "మా బాతు మూగదైపోయినాది. కూతా లేదు, రాతా లేదు."

ఆమె బాతు పోయిన వానల్లో తడిసింది. బతికింది గానీ ప్రోగ్రాం పోయింది. మళ్ళీ ఎక్కించడానికి కూర్చున్నాను. కిటికీ తెలియక తప్పు చేస్తుంది, బాతు అతితెలివితో చేస్తుంది. బుడిపెని చూడగానే 'ఇది టీవీ' అని తనే పట్టుకుని కూర్చుంటుంది, మన ప్రోగ్రాంకి ఇవ్వదు. 'దీని జోలికి పోకు' అని ఒక ఫైల్లో రాసి, ఆపి, మళ్ళీ లేపాలి. లేచాక కూడా యజమానికి తప్ప ఇంకెవరికీ బుడిపెని ముట్టుకునే హక్కు ఇవ్వదు. ఆ హక్కు ఇంట్లో అందరికీ ఉందని ఇంకో ఫైల్లో రాయాలి. అప్పుడు ప్రోగ్రాం, నాకు ఫలానా ముక్క కావాలంటుంది. ఆ ముక్క పెడితే దానికి ఇంకో ముక్క కావాలంటుంది. ఒకప్పుడు ఇవన్నీ గాలిలోంచి వాటంతటవే దిగేవట. ఇప్పుడు నా పెన్‌డ్రైవ్‌లో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

అన్నీ ఉన్నాయి. నేను పని చేస్తున్నంతసేపూ వదిన చేపలకి ఉప్పు పట్టిస్తూ కబుర్లు చెప్పింది.

"మా ఆయన కొత్త సరంగుల్లాగ కాదు. మొగ ఎలాగున్నాదో తెలీకుండా లోపలికి రాడు. బయటే లంగరేసి, మాట వచ్చే దాకా నిలబడతాడు. సచ్చినా దూరడు."

"అంటే మనం మాట పంపే దాకా తుఫాన్లో నిలబడతాడా వదినా?"

వదిన చేతిలో చేపని కాసేపు అలాగే పట్టుకుంది. "పంపుతాం కదా," అంది.

బాతు లేచింది. నీలం జారింది. ఆమెకి నంబరు రాసిచ్చాను: ఒకటి, నాలుగు, ఆరు, ఒకటి, రెండు. తెర ముందు పీట వేసుకుని, ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని, చీర కొంగు తల మీదుగా గట్టిగా కట్టుకుంది. గాలి మోత వినబడకూడదని.

"గీత పడితే ఏం సెయ్యాలి?"

"తెల్లగుడ్డ గెడకి కట్టి ఎగరేయి. దీపస్తంభం మీద నుంచి చూస్తాను."

తిరిగొచ్చేటప్పుడు అలలు తెప్పలోకి వచ్చాయి. రెండు చేతులతో పెన్‌డ్రైవ్‌ని పట్టుకుని కూర్చున్నాను, తెప్పని ఎవరు నడిపారో కూడా చూడలేదు.

నాలుగు

ఇవాళ ఆసుపత్రి దిబ్బ. అక్కడ ఉన్నది పండు. డాక్టరమ్మ దాన్ని పసిపిల్లలా గుడ్డలో చుట్టి దాస్తుంది.

పండు చూడముచ్చటగా ఉంటుంది కానీ అనుమానం మనిషి. కిటికీలా డ్రైవరు గోల లేదు, బాతులా బుడిపెని కబళించదు. ప్రోగ్రాం నొక్కగానే, 'దీన్ని చేసినవాళ్ళెవరో నాకు తెలియదు, తెరవను' అంటుంది. చేసినవాళ్ళు ఇప్పుడు ఎక్కడున్నారని? వాళ్ళ ఊళ్ళ మీద చేపలు తిరుగుతున్నాయి. సెట్టింగుల్లోకి పోయి, భద్రత అన్న చోట, 'అయినా సరే తెరువు' అని చెప్పాలి. అది కూడా ఊరికే వినదు, గుర్తుమాట అడుగుతుంది. డాక్టరమ్మకి ఆ మాట గుర్తొచ్చేలోపు ఆమె చేతుల మీద రెండు కాన్పులయ్యాయి.

అప్పటికీ తెరవలేదు. లోపలి గడియారం ఆగిపోయి, అది ఇంకా మునకకి చాలా ముందటి సంవత్సరంలోనే ఉందని చూసుకున్నాను. ఆ సంవత్సరంలో ఈ ప్రోగ్రాం పుట్టనే లేదు, ఇంక దాన్నెలా నమ్ముతుంది? తారీఖు మార్చాను. నమ్మింది.

అదే నంబరు. అదే నీలం.

డాక్టరమ్మ నా భుజం మీద చెయ్యి వేసి, "గీత పడకపోతే ఏమని అర్థం నూకరత్నం గారూ?" అని అడిగింది.

"పలికేవాళ్ళు లేరని గానీ, వినేవాళ్ళకి చేతకాలేదని గానీ," అన్నాను. రెండోదే కావాలని ఎంత గట్టిగా కోరుకున్నానో ఆమెకి చెప్పలేదు.

అయిదు

వాన. పడవలన్నీ గట్టెక్కించి తాళ్ళు బిగించారు. ఈ పొద్దు సోలార్ పలకలు తుడిచీ లాభం లేదు. బ్యాటరీలో ఉన్నది ఉన్నట్టు పొదుపుగా వాడాలి.

పిలిచాను. పడమటి మొగ పూడిందనీ, ఉత్తరానికి రమ్మనీ, ఎవరూ వినని గాలిలోకి మళ్ళీ మళ్ళీ చెప్పాను. గొంతు బొంగురుపోయింది. దూరంగా అప్పాయమ్మ వదిన ఇంటి గెడ కనిపిస్తూనే ఉంది. దాని మీద గుడ్డ లేదు.

మధ్యాహ్నం మా అత్త మావుళ్ళమ్మ మెట్లెక్కి వచ్చింది. దిబ్బలన్నిటికీ బియ్యం కొలిచి పంచేది మా అత్తే. తుఫాను ముందు రేషను ఎక్కువ ఇవ్వాలి కనుక కొట్టులో తీరికలేదు. అయినా ఇన్ని మెట్లు ఎక్కింది. ఆమె కొడుకుని, అంటే నా మొగుణ్ణి, ఈ సముద్రమే తీసుకుపోయింది. మణిని పెంచింది ఆమే. నేను పెన్‌డ్రైవ్ వేసుకుని దిబ్బ దిబ్బకీ తిరుగుతుంటే పిల్ల ఆమె కొట్టులో, బస్తాల మధ్య పెరిగింది.

కాసేపు తెర చూసింది.

"ఏటి ఇది, నీళ్ళు కారుతున్నట్టు?"

"ఏమీ వినబడట్లేదని అర్థం అత్తా."

"నీ పెట్టెలు ఇనకపోతే నా మనవరాలు పలకనట్టా?" అంది. కోపంగానే అంది. దిగి వెళ్ళిపోయింది.

ఆ మాట పట్టుకుని కూర్చున్నాను. కిటికీ, బాతు, పండు. ఒకదానితో ఒకదానికి పొసగదు. ఒకదాని జబ్బు ఇంకోదానికి రాదు. మూడూ కూడబలుక్కుని ఒకే అబద్ధం చెప్పే అవకాశమే లేదు. అయితే వాళ్ళు పలకడం లేదు, లేదా నేను ఆ మూడింటికీ ఒకే తప్పు చెప్పాను. నేను వాటికి చెప్పింది ఒక్కటే, నంబరు. అది తిరిగి చదివాను. మణి అవునంది. నా చెవులతో విన్నాను.

అయితే వాళ్ళు పలకడం లేదు. ఈ వాక్యం రాయడానికి చెయ్యి రాలేదు, అయినా రాశాను.

ఆరు

పొద్దున రేషను కోసం కొట్టుకి వెళ్ళాను. ఇన్నేళ్ళలో ఆ వరసలో నిలబడడం ఇదే మొదలు. మా ఇంటి బియ్యం ఎప్పుడూ మణే తెచ్చేది.

మా అత్త కొలుస్తుంటే ఎవరూ మాట్లాడకూడదు. మామూలుగా ఆమె పెదవుల్లోనే లెక్కపెట్టుకుంటుందట. ఇవాళ గాలికి రేకులు దడదడలాడుతుంటే, లెక్క తప్పకుండా గట్టిగా పలుకుతోంది. కుంచం నింపడం, తల గీయడం, గోనెలో పోయడం.

"నాలుగు... అయిదు... ఆరు... ఆరున్నొకటి... ఎనిమిది..."

ఆరు తర్వాత ఆరున్నొకటి. దాని తర్వాత ఎనిమిది.

చేతిలో గోనె జారిపోయింది. "అత్తా, ఏమన్నావు? ఆరు తర్వాత ఏమన్నావు?"

వరసలో ఉన్నవాళ్ళు నన్ను గుడ్లురిమి చూశారు. కొలత మధ్యలో నోరు విప్పినందుకు.

"ఆరున్నొకటి అన్నాను. ఏం?"

"ఆ అంకె పేరు అది కాదుగా?"

"ఆ పేరు నోట రాకూడదే. గింజలు కొలిసేటప్పుడు రాకూడదు, నీళ్ళ మీద అసలే రాకూడదు. నీకది అంకె. మాకది ఎదటోణ్ణి కన్నీళ్ళు పెట్టుకోమని సెప్పడం. సంద్రం మీద నిలబడి ఎవడైనా అంటాడా ఆ మాట?"

"మణికి నేర్పావా ఇది?"

"నేర్పక? పడవెక్కే పిల్లకి ముందు నేర్పేదే అది."

మా కొండ మీద ఏ అంకెకి ఉన్న పేరు ఆ అంకెకే ఉంటుంది. బట్టలాయన ఏడుపుని ఆరున్నొక్క రాగం అని ఈ చిట్టాలో నేనే రాశాను. అందులో ఒక అంకె దాక్కుని ఉందని పుట్టి ఇన్నేళ్ళయినా ఆలోచించలేదు. మణి చెప్పింది అయిదంకెలు కాదు, నాలుగు. ఒకటి, నాలుగు, ఆరున్నొకటి, రెండు. నేను తిరిగి చదివింది ఆ గురకలో ఆమెకి తన మాటలాగే వినబడింది. ఆరు, ఒకటి. ఆయ్, అదే.

మెట్లు ఎలా ఎక్కానో తెలియదు. నంబరు మార్చాను. పాతదానికి ఒక మెగాహెర్ట్జ్ పైన. నేను తెరిచి పెట్టుకున్న సన్నటి సందులో ఎన్ని రోజులు చూసినా కనబడనంత దూరం.

నీలంలో పసుపుపచ్చ గీత.

"...దీపస్తంభం, దీపస్తంభం, గోదారితల్లి పిలుస్తంది. ఏ మొగ తెరిసుందో సెప్పండి. ఇంటన్నారా? దీపస్తంభం..."

మాట్లాడుతున్నట్టు లేదు, అప్పగించిన పాఠం వల్లిస్తున్నట్టుంది. ఇన్ని రోజులూ అలాగే పిలిచిందన్నమాట. సెట్టు మీట నొక్కి పేరు పెట్టి పిలిచాను. "అమ్మా?" అంది.

"వింటున్నాను మణీ. పడమటి మొగ పూడిపోయింది. అటు రావద్దు. ఉత్తరానికి రండి."

"ఇన్నాళ్ళూ ఏమైపోయేవమ్మా? నంబరు తిరిగి సెప్పింది నువ్వే కదా?"

"ఆరూ, ఒకటీ అనుకున్నాను."

చాలా మెల్లగా, "నువ్వు కూడా మా మాట నేర్చుకున్నావనుకున్నాను," అంది. "సంబరపడ్డాను కూడా."

సూరన్నని పిలవమన్నాను. దారి చెప్పాలన్నాను.

"నాకే సెప్పమ్మా. నేనే పట్టుకున్నాను." ఎందుకని అడిగే వ్యవధి లేదు. బ్యాటరీ ముల్లు పడిపోతోంది.

ఉత్తరపు మొగలో లోతు చూపించడానికి వెదురు గెడలు పాతి ఉంటాయి. సముద్రం వైపు నుంచి లెక్కపెట్టుకుంటూ రావాలి. ఆరు గెడలు కుడి చేతి వైపు వదిలేసి, ఆ తర్వాతి గెడకి ఆనుకుని ఎడమకి తిప్పితే లోతు దొరుకుతుంది. ఒక్క గెడ అటో ఇటో అయితే అక్కడా ఇసుకే. వలలవాళ్ళు చెప్పింది చెప్పినట్టు చెప్పుకొచ్చాను. ఆ గెడ దగ్గరికి వచ్చేసరికి కొండవాళ్ళ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"ఆరున్నొకటో గెడ, మణీ. ఆరు వేరు, ఒకటి వేరు కాదు. ఆరున్నొకటో గెడ. దాన్ని ఆనుకుని తిప్పు."

"ఆరున్నొకటో గెడ," అంది నా కూతురు. "తెలిసిందమ్మా."

బ్యాటరీ అయిపోయింది.

ఆరున్నొకటి

వచ్చారు.

అదే రోజు సాయంత్రం, వానలో తెరచాప చిరుగులు ముందు కనబడ్డాయి, తర్వాత పడవ. చుక్కాని దగ్గర మణి ఉంది. ఒడ్డున ఉన్న జనం పెద్దగా అరిచారు. నేను అరవలేదు. పడవలో ఉన్నవాళ్ళని వెతుకుతున్నాను. సూరన్న లేడు.

మణి దిగి నన్ను పట్టుకుంది. ఆమె బట్టలు, జుట్టు అంతా ఉప్పు. చెవిలోనే చెప్పింది. మొగ ఎలా ఉందో తెలియకుండా దూరనని సూరన్న బయటే లంగరు వేశాడట. మాట వచ్చే దాకా నిలబడదాం అన్నాడట. నిన్న తెరచాప కొయ్య విరిగి తగిలింది. నీళ్ళలో పడ్డాడు. తాడు వేశారు, అందుకోలేదు.

నిన్న. నిన్న నేను ఎవరూ లేని నంబరు మీద గొంతు చించుకుంటున్నాను. సరిగ్గా విని ఉంటే సూరన్న మొన్ననే ఇంటికి వచ్చి, చేపలకి ఉప్పు సరిపోలేదని పెళ్ళాం మీద విసుక్కుంటూ ఉండేవాడు. దీనికి నేను చెప్పుకోగలిగింది ఏదీ లేదు.

అప్పాయమ్మ వదినకి ఇంకా ఏమీ తెలియదు. ఆమె తెర మీద ఇంకా పాత నంబరే ఉంది. వాన వెలిసే దాకా ఆగకుండా అత్తా, మణీ, నేనూ తెప్ప మీద వెళ్ళాం. పీట మీద అలాగే కూర్చుని ఉంది, చెవుల్లో ఇయర్‌ఫోన్లతో, తలకి కొంగుతో. తెర మీద నీలం జారుతోంది. పడవ వాళ్ళలో మణి ఒక్కతే నా వెనక రావడం చూసింది. చూసి మళ్ళీ తెర వైపు తిరిగింది.

మణి ఆమె చెవి దగ్గరికి వంగి చెప్పింది. నేను కూడా చెప్పాను. నంబరు తప్పు విన్నది నేనని, ఆమెకి రాసిచ్చింది ఆ తప్పేనని.

అప్పుడు ఇయర్‌ఫోన్లు తీసింది.

"మరి నా బాతు బాగానే ఉందా?"

"బాగానే ఉంది వదినా."

"నేను సరిగానే ఇన్నానా? కునుకు పట్టి ఎక్కడైనా గీత వదిలేసేనేమో అని..."

"వదిలేయలేదు. నువ్వు సరిగానే విన్నావు. అక్కడ వినడానికి ఏమీ లేదు."

"ఆయ్," అంది. లేచి చేపల బుట్ట మీద మూత సరిచేసింది. మణి తడిసిపోయిందని పొడి చీర ఒకటి తీసి ఇచ్చింది. పీట గోడకి జరిపింది. మళ్ళీ వచ్చి, తెల్లగుడ్డ ఒకటి మడతపెట్టడం మొదలుపెట్టింది. గీత పడితే గెడకి కట్టమని నేను చెప్పిన గుడ్డ అది. మడతపెట్టింది, విప్పింది, మళ్ళీ మడతపెట్టింది. కళ్ళు పొడిగా ఉన్నాయి. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది.

మా అత్త అప్పటిదాకా గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. లోపలికి వచ్చి వదిన పక్కన నేల మీద కూర్చుంది. ఆమె చేతుల్లోంచి గుడ్డ తీసి పక్కన పెట్టింది. ఆమె తలని తన భుజం మీదికి లాక్కుంది. ఇన్నేళ్ళలో కొట్టులో గానీ, ఇంట్లో గానీ, కొడుకు పోయిన రోజున గానీ, మా అత్త నోట నేను వినని మాట అప్పుడు విన్నాను.

"ఏడు," అంది మావుళ్ళమ్మ. "ఏడు తల్లీ. ఏడు."